చంద్రుడికి గుడి కట్టిన సాయంత్రం

శుక్రుడి కళల పాఠంలో ఒక బొమ్మ తలకిందులుగా పడిందని కడప వాడ నుంచి ఫిర్యాదు వచ్చింది. కాశీశ్వరి దాన్ని సరిచేసి పక్కకు జరిపింది. తర్వాత వచ్చింది సున్నపురాయి గుహల పాఠం. అది నేల విభాగానిది, దారి తప్పి నింగి విభాగంలోకి వచ్చింది. మోకాలెత్తు రాతిగోడకు అవతల కూర్చున్న దస్తగిరి వైపు దాన్ని తోసింది.

“నీ గుహలు నా నెత్తిన పడతన్నాయి, దస్తగిరన్నా.”

“పడనీలే కాశమ్మా. నీ తోకచుక్కలు పొద్దున్నుంచి నా కాళ్ళకు అడ్డం పడతన్నాయి. నేనేమన్నా అన్నానా?”

ఇద్దరి మధ్యా ఉన్న గోడ పలకరాయిది. గది కూడా పలకరాయిలో తొలిచిందే. ఒకప్పుడు ఊరూరి బడులకూ పలకలు కోసి పంపిన మార్కాపురం గనుల్లో ఒకటి అది. రాయి తీయడం ఆగిపోయాక గుంటలు మిగిలాయి. ఎండలు ముదిరి ఊళ్ళన్నీ నీడకప్పుల కిందికి చేరి వాడలైన కాలంలో, లోపల చల్లగా ఉంటుందని పాఠాల యంత్రాలను తెచ్చి ఆ గుంటల్లో పెట్టారు. యంత్రాల వెనకాల మనుషులూ దిగారు. ఇప్పుడు శ్రీకాకుళం నుంచి హిందూపురం దాకా ఏ వాడలో ఏ బడిపిల్ల తల ఎత్తినా, నీడకప్పు లోపలి వైపు పరిచిన నింగిపలక మీద కనిపించే సూర్యుడూ చుక్కలూ ఈ గుంటలోంచి వెళ్ళినవే.

ఆ చుక్కలు దారి తప్పవు. ఏ చుక్క ఏ వేళకు ఎక్కడుండాలో సరిచూపు అనే యంత్రం లెక్క కట్టి పెడుతుంది. పిల్లల జవాబులు దిద్దేది కూడా సరిచూపే. మనుషులకు మిగిలిన పని బొమ్మలు చక్కదిద్దడం, మాటలు నునుపు చేయడం, ఎవరూ తెరవని పాఠాలను ఇంకుడుగుంటలోకి వదలడం. అందులోకి పోయిన పాఠం మళ్ళీ పైకి రాదు.

పొద్దుగూకగానే ఇంకిపోవలసిన పాఠం ఒకటి ఆ రోజు కాశీశ్వరి ముందు ఉంది. దానికి బొమ్మ లేదు, గొంతు లేదు, కదలిక లేదు. ఉన్నది ఒకే వాక్యం. “బయటికి వెళ్ళి, తల పైకెత్తి, ఆకాశంలో ఏం కనిపించిందో రాయండి.” ఏళ్ళ తరబడి దానికి జవాబే రాలేదు. బయట అంటే ఎండ. ఎండలోకి బిడ్డను ఏ తల్లి పంపుతుంది? సందె దాటాక వెళ్ళవచ్చు. కానీ నింగిపలక మీద అంతకంటే చక్కగా కనిపిస్తున్నప్పుడు వెళ్ళేదెందుకు?

అలాంటి పాఠానికి ఈ పొద్దున ఒక జవాబు వచ్చింది. తప్పని తిరిగి వెళ్ళింది. ఈ మధ్యాహ్నం అదే జవాబు మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఇప్పుడు మూడోసారి వచ్చి కాశీశ్వరి ముందు నిలిచింది. రాసింది కంభం వాడలో ఆరో తరగతి చదివే సలోమి అనే పిల్ల. జవాబు చిన్నదే.

“నిన్న సందేళ చంద్రుడికి గుడి కట్టింది.”

దాని కింద సరిచూపు ఎర్రగీత గీసి రాసింది: “చంద్రుడిపై గుళ్ళు లేవు. అక్కడి కట్టడాలన్నీ పరిశోధన కేంద్రాలు. జవాబు కల్పన.”

కాశీశ్వరికి మొదట నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మూడోసారి కూడా తప్పయితే ఆ ప్రశ్న పిల్లకు శాశ్వతంగా మూసుకుపోతుంది. మూడో ఎర్రగీత కింద యంత్రం పేరు పడదు, మనిషి పేరు పడుతుంది. అది గుంటలో మొదటినుంచీ ఉన్న పద్ధతి.

ఆమె సరిచూపుతో చెప్పింది: “గుడి అంటే దేవుడి గుడి కాదు. చంద్రుడి చుట్టూ కనిపించే వెలుగు వలయం. పరివేషం.”

“పరివేషం,” అంది సరిచూపు. “ఎత్తయిన మబ్బుల్లోని మంచు పలుకుల గుండా వెన్నెల వంగినప్పుడు ఏర్పడే వలయం. వివరణ రచన: కాశీశ్వరి.”

“అదే. ఆ పిల్ల రాసింది దాని గురించే.”

“నిన్నటి నింగిపలకలో మబ్బులు లేవు. మబ్బు లేనిదే పరివేషం లేదు. కల్పన అన్న మాట తీసివేయడమైనది. జవాబు తప్పు.”

నింగిపలకలో ఏనాడూ మబ్బులు ఉండవు. మొదట్లో ఉండేవి. మబ్బు అడ్డమొచ్చి చుక్కలు కనిపించడం లేదని, పరీక్షల వేళ పిల్లలు నష్టపోతున్నారని వాడవాడలా తల్లిదండ్రులు గోల పెడితే వాటిని తీసేశారు. తీసిన మబ్బులను నేల విభాగంలో, వాతావరణం కింద సర్దారు.

కాశీశ్వరి గోడ మీదికి వంగింది. “దస్తగిరన్నా, చంద్రుడికి గుడి కట్టేది నీ పాఠాల్లో ఉందా?”

“చంద్రుడు నీవాడు గదా.”

“మబ్బు నీది గదా.”

“మబ్బు నాదే. వాన నాది, పిడుగు నాది, వడగండ్లు నావి. చంద్రుడి పేరెత్తితే మాత్రం నీ దగ్గరికి తోసెయ్యమని సరిచూపు చెప్తది.”

“నా దగ్గరికొస్తే మబ్బుందని నీ దగ్గరికి తోస్తది.”

“అయితే అది పాపం ఈ గోడ మీద కూచోనుంది.” దస్తగిరి రాతిగోడను అరచేత్తో తట్టాడు. గొంతు తగ్గించి అన్నాడు: “వదిలెయ్ కాశమ్మా. ఒక పిల్ల, ఒక జవాబు. పొద్దుగూకితే ఆ పాఠమే ఉండదు.”

“పాఠం పోతే పోనీ. కళ్ళతో చూసింది తప్పని ఆ పిల్లకు చెప్పాల్సింది నేను. చెప్పినాక అది జన్మలో తల ఎత్తుద్దా?”

కాశీశ్వరి కంభం వాడకు కలిపింది. ముందు గిన్నెల చప్పుడు వినిపించింది, తర్వాత పిల్ల గొంతు.

“సలోమీ, నేను పాఠాల గుంట నుంచి మాట్లాడతన్నా. కాశీశ్వరిని.”

“తప్పని చెప్పడానికా టీచరమ్మా? రెండుసార్లు చెప్పినారు.”

“చెప్పడానికి కాదు, అడగడానికి. నువ్వేం చూసినావో చెప్పు.”

“రాసినా గదా.”

“ఎట్టా ఉన్నదో రాయలేదే.”

“చింతపండు ఆరబోసిన చాప ఎత్తుకురాడానికి జేజితో కప్పు అవతలికి పోయినా. చంద్రుడు నడిమధ్యన ఉన్నాడు. చుట్టూ గుండ్రంగా తెల్లగీత. గీతకి లోపలంతా ఆకాశం నల్లగా ఉంది. బయట కొంచెం తెల్లగా, పాలు ఒలికినట్టు. చుక్కలు శానా తక్కువ.”

కాశీశ్వరి వేళ్ళు బల్ల మీద ఆగిపోయాయి. గీతకు లోపలి ఆకాశం నల్లగా ఉంటుందన్న సంగతి ఆమె రాసిన వివరణలో లేదు. అలా ఉండే వీలుందా అని ఆలోచించింది. మంచు పలుకులు వెలుగును ఒక హద్దు లోపలికి వంచవు, బయటికే వంచుతాయి. అయితే లోపల నల్లగానే ఉండాలి. లెక్క ఆమెకు తెలిసినదే. ఆ లెక్క ఎలా కనిపిస్తుందో మాత్రం ఎప్పుడూ తోచలేదు.

అవతల ఒక ముసలామె, పిల్ల నాయనమ్మ కాబోలు, అడిగింది: “ఎవురే అది?”

“టీచరమ్మ, జేజీ. గుడి లేదంటంది.”

“నేను లేదనలేదమ్మా,” అంది కాశీశ్వరి.

ముసలామె గొంతు దగ్గరికొచ్చింది. “మేము ఆదివారం చర్చికి పోయేవాళ్ళం తల్లీ. అయినా చంద్రుడికి గుడే కడతది గానీ చర్చి కట్టదు. మా జేజి నాటినుంచీ అదే మాట. దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన. నిన్న కట్టింది దూరపు గుడి. ఈ పూట కూడా కడతది, చూడు.”

“వాన వస్తదంటారా?”

“వస్తే వస్తది, లేకుంటే లేదు. చాప ఎత్తిపెట్టుకోవడం మన పని.”

సలోమి మళ్ళీ అందుకుంది. “మీరెప్పుడూ చూడలేదా టీచరమ్మా? మీరు ఆకాశం టీచరు గదా?”

ఆ ప్రశ్నలో వెక్కిరింత లేదు. ఉంటే ఏదో ఒకటి అనేసి తప్పుకునేది. “ఈ పూట చూస్తా,” అని మాత్రం అంది.

సరిచూపును అడిగితే దారి ఒకటుందని చెప్పింది. సాక్షి ఉంటే పాఠం ఇంకిపోయే గడువు ఆగుతుంది. సాక్షి దానిని స్వయంగా చూసి ఉండాలి.

“సాక్షి ఎవరు?” అంది సరిచూపు.

“నేనే.”

“ఎప్పుడు చూశారు?”

“ఇంకా చూడలేదు. చూడ్డానికి పోతన్నా.”

సరిచూపు ఆ జవాబును ఏ గడిలో వేసుకోవాలో తెలియనట్టు కొద్దిసేపు తిప్పుకుంది. తర్వాత, “గడువు ఆపడమైనది,” అంది.

గుంట నుంచి వాడకు లోపలి దారులున్నాయి. పైకి పోయే దారి పాత మెట్లదారి, రాయి మోసిన కూలీలు తొక్కి తొక్కి నడుమ అరిగిపోయిన మెట్లు. కాశీశ్వరి ఎక్కుతుంటే వెనక దగ్గు వినిపించింది.

“నువ్వెందుకన్నా? నీకు మోకాళ్ళ నొప్పులు గదా.”

“నువ్వు పైన కళ్ళు తిరిగి పడితే మోసుకొచ్చేది ఎవురు? సరిచూపా?”

పై తలుపు తీయగానే వేడి ముఖాన కొట్టింది. సూర్యుడు దిగిపోయినా నేల పొయ్యి మీంచి దించిన పెనంలా ఉంది. చుట్టూ పనికిరాని పలకముక్కల గుట్టలు. వాటి మీద నడుస్తుంటే కాలి కింద గలగలమంటున్నాయి. దూరంగా వాడ నీడకప్పు బోర్లించిన మూకుడులా కనిపిస్తోంది. తూర్పున చంద్రుడు అప్పటికే బాగా పైకొచ్చి ఉన్నాడు. పున్నమికి ఇంకా రెండు మూడు రోజులున్నాయి.

కాశీశ్వరి తల ఎత్తింది. చంద్రుడు ఉన్నాడు. చుట్టూ ఏమీ లేదు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. కొంచెం మసక తప్ప మరేం లేదు.

“లేదన్నా,” అంది. మెట్లు దిగి, బల్ల ముందు కూర్చుని, మూడో ఎర్రగీత కింద తన పేరు పెట్టాలి. చింతపండు చాప పక్కన నిలబడి చూసిన పిల్లకు, నువ్వు చూసింది లేదమ్మా అని చెప్పాలి.

దస్తగిరి అప్పటికే మెడ పట్టేసిందని ఒక పెద్ద పలకబండ మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

“అంత దగ్గర ఏం వెతుకుతావు కాశమ్మా?” అన్నాడు. “ఇంకా ఎడంగా చూడు. ఇంకా. అదుగో, ఆ గుట్ట నెత్తి మీద నుంచి మొదలు.”

ఆమె చూపు చంద్రుణ్ణి వదిలి బయటికి జరిగింది. అప్పుడు కనిపించింది. ఆకాశంలో సగం తనదే అన్నట్టు పరుచుకున్న వలయం. పాఠంలో తాను గీయించిన బొమ్మలో అది చంద్రుణ్ణి ఆనుకుని గాజులా ఉంటుంది. ఇక్కడ చంద్రుడు ఎక్కడో నడుమ ఒంటరిగా ఉన్నాడు, గుడి గోడలు ఆయనకు ఎంతో దూరంలో ఉన్నాయి. గీతకు లోపల ఆకాశం నల్లగా, శుభ్రంగా, ఊడ్చిపెట్టిన వాకిలిలా ఉంది. కాశీశ్వరి కుడిచెయ్యి చాచి, వేళ్ళు విప్పి, చిన్నప్పుడు గుడ్డ కొలిచినట్టు కొలిచింది. బొటనవేలు చంద్రుడి మీద పెడితే చిటికెనవేలు గీతను తాకింది. ఇరవై రెండు డిగ్రీలని తాను రాసినది, జానెడు.

“ఇంత పెద్దదని ఎవురూ చెప్పలేదే,” అంది.

“నువ్వే చెప్పాల్సింది,” అన్నాడు దస్తగిరి పడుకునే.

గాలి ఆడలేదు. ఇద్దరూ చాలాసేపు అక్కడే ఉన్నారు.

కిందికి వచ్చాక ఆమె సాక్షిగా పేరు పెట్టింది. ఆకారం, ఎడం, గీత లోపలి నలుపు, అన్నీ చెప్పింది.

“సాక్ష్యం అందింది,” అంది సరిచూపు. “నేటి నింగిపలకలో, అన్ని వాడల్లోనూ, పరివేషం లేదు. సాక్షి ఒకరు. సాక్షి పొరబడి ఉండవచ్చు.”

“దస్తగిరి కూడా చూశాడు.”

“దస్తగిరి నేల విభాగం.”

గోడ అవతల నుంచి దస్తగిరి అన్నాడు: “నేలవాళ్ళకు కళ్ళుండవని దాని నమ్మకం.”

కాశీశ్వరి నవ్వలేదు. ఒక సాక్షి చాలకపోతే ఎంతమంది కావాలి? లక్షలమంది పిల్లలు ఈ వేళ తలలెత్తి కూర్చుని ఉన్నారు. అందరి తలల మీదా మబ్బు లేని ఆకాశమే ఉంది. దానికి అవతల, కప్పు బయట, చాలా వాడల మీద ఈ గుడి కట్టే ఉంటుంది. చూసేవాళ్ళు ఒక ముసలమ్మా, ఒక పిల్లా.

బల్లకు ఎడమ పక్క పలక తుడుపు మీట ఉంది. నింగిపలక మీద మరకలు పడితే, తెల్లవారుజామున, ఒక్కో వాడకు ఒక్కోసారి వాడేది. ఆమె దాని మీద వేలు పెట్టి, వాడ పేరు అడిగిన చోట అన్నీ అని చెప్పింది.

దస్తగిరి లేచి నిలబడ్డాడు. “అన్ని వాడలా? పాఠం నడిచే వేళ గదా. పిల్లలు బెదురుతారే.”

“పలక తుడిస్తే ఏ పిల్ల బెదురుద్దన్నా? మళ్ళీ రాసుకోవడానికే గదా తుడిచేది.”

“పైవాళ్ళు అడిగితే?”

“నేనే తుడిచినానని చెప్పు. నా పేరు పెట్టాల్సిందే గదా ఈ పూట, ఎక్కడో ఒకచోట.”

ఇంకిపోవలసిన పాఠాన్ని అన్ని పలకల మీదికీ తోసి, మీట నొక్కింది. శ్రీకాకుళం నుంచి హిందూపురం దాకా చుక్కలు ఆరిపోయాయి. చంద్రుడూ పోయాడు. ప్రతి నీడకప్పూ లోపలి వైపు నల్లగా, బొగ్గూ ఆకుపసరూ రుద్దిన కొత్త పలకలా అయింది. ఆ నలుపు మీద ఇంకిపోవలసిన వాక్యం ఒక్కటే తెల్లగా వెలిగింది.

బయటికి వెళ్ళి, తల పైకెత్తి, ఆకాశంలో ఏం కనిపించిందో రాయండి.

ముందు ఏమీ రాలేదు. యంత్రాల రొద తప్ప గుంటలో చప్పుడు లేదు. కాశీశ్వరి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరూ లేవకపోతే? పలక పాడైందని అందరూ అలాగే కూర్చుంటే? అప్పుడు తుడిచిన చెయ్యి ఒక్కటే మిగులుతుంది.

తెనాలి వాడ నుంచి మొదటి జవాబు వచ్చింది. “చంద్రుడి చుట్టూ పెద్ద కంకణం.” నంద్యాల నుంచి ఒకటి: “చందమామ బావిలో పడ్డాడు. ఒర కనిపిస్తోంది.” ఆ తర్వాత ఆగలేదు. కంచం అన్నారు, కోట అన్నారు, బండి చక్రం అన్నారు, అమ్మమ్మ గుడి అందని ఒకరు, నాయన కూడా బయటికొచ్చి నిలబడ్డాడని ఒకరు రాశారు. బొబ్బిలి నుంచి ఒక పిల్లవాడు రాశాడు: “ఏమీ కనబడలేదు. మబ్బు ముసురుకుంది.”

“జవాబులు ఒకదానితో ఒకటి కలవడం లేదు,” అంది సరిచూపు. “సరైన జవాబు తెలపండి.”

“అన్నీ సరే.”

“బొబ్బిలి జవాబులో, ఏమీ కనబడలేదని ఉంది.”

“బయటికి పోయి చూసే రాశాడు. అది కూడా సరే.”

సలోమి జవాబు కింద ఉన్న రెండు ఎర్రగీతలూ పోయాయి. సరిచూపు ఇంకా ఆగి ఉంది. అన్నేళ్ళ పనిలో అది ఏనాడూ అడగని ప్రశ్న అప్పుడు అడిగింది.

“అన్నీ సరైనవైతే, తప్పు జవాబు ఏది?”

కాశీశ్వరి అరచేయి విప్పి, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా చూసుకుంది.

“చూడకుండా రాసింది,” అంది.

“నమోదైంది,” అంది సరిచూపు. తర్వాత ఆ కొత్త కొలతను పట్టుకుని, తన అలవాటు ప్రకారం, మొదటినుంచీ అన్నీ దిద్దడం మొదలుపెట్టింది.

మొదటి ఎర్రగీత నేటి నింగిపలక ఆకాశం మీద పడింది. అది చూసి పెట్టింది కాదు, సరిచూపే లెక్క కట్టి పెట్టింది. రెండోది పరివేషం పాఠం మీద, వివరణకూ బొమ్మకూ కలిపి, రచన కాశీశ్వరి. మూడోది గోడ దాటింది.

“నా వడగండ్లు,” అన్నాడు దస్తగిరి లేచి వస్తూ. “కాశమ్మా, నా వడగండ్ల పాఠం కొట్టేసింది.”

“నువ్వు వడగండ్లు చూసినావా?”

“మా నాయన చూసినాడు.”

ఎర్రగీతలు పాఠం తర్వాత పాఠం మీద పడుతూ పోతున్నాయి. దస్తగిరి వాటిని చూస్తూ నిలబడ్డాడు. “అన్నీ పోతన్నాయి. రేపు పొద్దున బడి తెరిస్తే పిల్లలకు ఏం చెప్తావు?”

“రేపు పొద్దున ఎండ గదా,” అంది కాశీశ్వరి. తన పాత బొమ్మను, చంద్రుణ్ణి ఆనుకున్న ఆ గాజును, తుడిచేస్తూ ఉంది. “సందేళ చెబుదాం. బయట.”